కోడ్ రాయకముందే వెబ్‌సైటును పరీక్షించడం: అమూర్త నమూనాతో రూపకల్పనకు సమగ్ర మార్గదర్శి

వెబ్‌సైటులో తప్పులు రెండు రకాలుగా ఉంటాయి. బటన్ పనిచేయకపోవడం, పేజీ తెరుచుకోకపోవడం వంటివి మొదటి రకం. పరీక్షించేవారి కంటికి ఇవి తొలిరోజే పడతాయి. రెండో రకంలో ప్రతి బటనూ, ప్రతి పేజీ సరిగ్గానే పనిచేస్తాయి గానీ, ఇద్దరు మనుషులు దాదాపు ఒకే సమయంలో చేసిన పనులు ఏదో ఒక వరుసలో కలిసినప్పుడు మాత్రం ఫలితం తారుమారవుతుంది. ఈ రెండో రకం తప్పును కోడ్‌లో ఫలానా పంక్తిలో ఉందని వేలుపెట్టి చూపలేము, ఎందుకంటే అది రూపకల్పనలోనే ఉంటుంది. కాబట్టి దాన్ని రూపకల్పనలోనే వెతకాలి. అందుకు చేతిలో ఉన్న మంచి సాధనం అమూర్త నమూనా. సైటు ఏయే స్థితుల్లో ఉండగలదో, ఒక స్థితి నుంచి మరొక స్థితికి ఏ చర్యల వల్ల మారుతుందో మాత్రమే ఉంచి, మిగతాదంతా తీసివేసిన ఒక చిన్న గణిత వర్ణనను రాయడం, దాన్ని మోడల్ చెకర్ అనే ప్రోగ్రాముకు ఇచ్చి సాధ్యమైన వరుసలన్నిటినీ వెతికించడం ఈ పద్ధతిలోని సారం.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. మోడల్ చెకింగ్‌ను రూపొందించినందుకు ఎడ్మండ్ క్లార్క్, అలెన్ ఎమర్సన్, జోసెఫ్ సిఫాకిస్‌లకు కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు 2007 సంవత్సరానికి లభించింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ఇంజనీర్లు 2011 నుంచి ఇలాంటి నమూనాలు రాయడానికి లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ భాషను తమ సేవల రూపకల్పనలో వాడుతున్నారు. 2015లో వారు ప్రచురించిన వ్యాసం ప్రకారం వారి డేటాబేస్ సేవ అయిన డైనమోడీబీలో ఈ విధంగా దొరికిన ఒక లోపం బయటపడాలంటే కనీసం 35 అడుగులు ఒక ప్రత్యేక వరుసలో జరగాలి. అలాంటి వరుసను ఏ పరీక్షకుడూ ఊహించి రాయలేడు. అంత పెద్ద సంస్థలకే ఇది పనికొస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. ఇద్దరు ముగ్గురు కలిసి కట్టే సైటుకే దీని అవసరం ఎక్కువని నా అభిప్రాయం, ఎందుకంటే తప్పు జరిగాక సరిదిద్దడానికి వారి దగ్గర వేరే బృందం ఉండదు.

ఈ వ్యాసమంతటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల ఉండే తెలుగువారు కొందరు కలిసి సంక్రాంతికి ఊళ్లకు ప్రత్యేక బస్సులు మాట్లాడుకున్నారనీ, సీట్ల బుకింగ్‌కు ఒక సైటు కట్టాలనుకున్నారనీ అనుకోండి. హెబ్బాళ మీదుగా అనంతపురం, కర్నూలు వైపు ఒక బస్సు. టిన్ ఫ్యాక్టరీ, కె.ఆర్.పురం మీదుగా తిరుపతి, నెల్లూరు వైపు మరొక బస్సు. టికెట్లు తెరిచిన క్షణం నుంచి అందరూ ఒకేసారి మీదపడతారు కనుక రెండో రకం తప్పులు పుట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

మొదటి దశ: మాట ఇచ్చినవేవో రాసుకోవడం

పేజీల బొమ్మలు గీయకముందే, సైటు ఎవరికి ఏ హామీ ఇస్తోందో పూర్తి వాక్యాల్లో, మామూలు తెలుగులో రాయండి. మన ఉదాహరణలో అవి ఇలా ఉంటాయి:

ఒక బస్సులో ఒక సీటుకు ఇద్దరి పేరున టికెట్ ఉండకూడదు.
డబ్బు జమకాకుండా టికెట్ పుట్టకూడదు.
ఒకే చెల్లింపునకు టికెట్టూ రీఫండూ రెండూ ఇవ్వకూడదు. రీఫండ్ రెండుసార్లు వెళ్లకూడదు.
జమైన ప్రతి చెల్లింపూ చివరకు టికెట్‌గానో రీఫండ్‌గానో ముగిసి తీరాలి.
తెర మీద ఏ సీటు చూసి ప్రయాణికుడు డబ్బు కట్టాడో ఆ సీటే అతనికి రావాలి.

వీటిలో నాలుగోది మిగతావాటి కంటే భిన్నమైనదని గమనించండి. మిగతా నాలుగూ 'ఎన్నడూ జరగకూడనివి'. ఏ క్షణంలోనైనా సైటును ఆపి చూస్తే అవి నిజమై ఉండాలి. నాలుగోది 'ఎప్పటికైనా జరిగి తీరవలసినది'. ఇది నిజమా కాదా అన్నది ఏదో ఒక క్షణాన్ని చూసి చెప్పలేము, మొత్తం నడకను చూడాలి. ఈ రెండు జాతులనూ మోడల్ చెకర్ వేర్వేరుగా పరిశీలిస్తుంది కనుక ఆదిలోనే విడదీసుకోవడం మంచిది.

రెండో దశ: ఏది వదిలేయాలో తేల్చుకోవడం

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. టికెట్ ధర, ప్రయాణికుడి ఫోన్ నంబరు, పేజీ రంగులు, ఎక్కే చోటు, బస్సు బయలుదేరే వేళ ఇవన్నీ సైటుకు ముఖ్యమే అయినా పైన రాసిన ఐదు వాక్యాల్లో వాటి ప్రసక్తి లేదు. ఒక వివరాన్ని తీసివేస్తే ఏదైనా వాక్యం అర్థం మారుతుందా అని అడగండి. మారకపోతే నిస్సంకోచంగా తీసివేయండి. ప్రయాణికుడు టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఎక్కినా కె.ఆర్.పురంలో ఎక్కినా సీటు సీటే కాబట్టి ఎక్కే చోటు నమూనాలోకి రాదు. అయితే అనంతపురంలో దిగిపోయినవారి సీటును అక్కడి నుంచి కర్నూలుకు వేరొకరికి అమ్మాలని నిర్వాహకులు నిర్ణయిస్తే, మొదటి హామీ 'ఒక సీటుకు, దారిలోని ఒక భాగానికి' అని మారిపోతుంది, అప్పుడు ఊళ్ల వరుస నమూనాలోకి వచ్చి తీరాలి. అంటే ఏది అనవసరమో నిర్ణయించేది హామీలే.

మూడో దశ: స్థితి

ఇప్పుడు సైటు స్థితిని అతి తక్కువ చలరాశులతో వర్ణించాలి. బ్లాక్ అంటే డబ్బు కట్టేలోగా ఒక సీటును కొంత గడువు వరకు ఒకరికోసం పట్టి ఉంచడం. ప్రతి సీటుకు అది ఎవరి బ్లాక్‌లో ఉందో (ఎవరి బ్లాక్‌లోనూ లేకపోవచ్చు) ఉండాలి. జారీ అయిన టికెట్ల సమితి ఉండాలి. ప్రతి చెల్లింపునకు నాలుగు స్థితులు: మొదలుకాలేదు, బ్యాంకు దగ్గర నడుస్తోంది, జమైంది, విఫలమైంది. రీఫండ్‌లకూ సందేశాలకూ కావలసిన చలరాశులను అవసరమైనప్పుడు తర్వాత చేర్చుకుందాం.

టికెట్లను సమితిగా ఎందుకు ఉంచాలో ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. 'సీటు యజమాని' అని ఒకే చలరాశి పెట్టి అందులో ఒక పేరు మాత్రమే ఉంచితే, ఒక సీటుకు ఇద్దరు యజమానులు ఉండడమన్నది ఆ నమూనాలో రాయడానికే వీలుకాదు. మొదటి హామీ ఏ పరీక్షా లేకుండానే నెగ్గుతుంది. కానీ నిజ జీవితంలో సుజాత అనే ప్రయాణికురాలి ఫోన్‌లో ఒక టికెట్ పీడీఎఫ్, రవి అనే మరో ప్రయాణికుడి ఫోన్‌లో అదే సీటుకు మరొక పీడీఎఫ్ ఉండే అవకాశం అలాగే ఉంటుంది. చెడు ఫలితాన్ని వ్యక్తం చేయగలిగిన స్థితినే ఎంచుకోవాలి. లేకపోతే నమూనా తప్పును వెతకడానికి బదులు దాచిపెడుతుంది.

ఇద్దరు ప్రయాణికులు, రెండు సీట్లు, మనిషికొక చెల్లింపు చాలు. లెక్క చూడండి: ఒక్కో సీటుకు బ్లాక్ పరంగా 3 అవకాశాలు, టికెట్ల పరంగా 4, అంటే 12, రెండు సీట్లకు 144, రెండు చెల్లింపులకు 16, మొత్తం 2,304 కలయికలు. అదే నిజమైన బస్సులాగా 40 సీట్లు పెడితే సీట్ల కలయికలే 44 అంకెల సంఖ్య అవుతాయి, ఏ యంత్రమూ వాటిని ఒక్కొక్కటిగా వెతకలేదు. చిన్న పరిధి సరిపోతుందనడానికి ఆధారం అనుభవం: నమూనాలు రాసే మరో భాష అయిన అల్లాయ్‌ను రూపొందించిన ఎంఐటీ ఆచార్యుడు డేనియల్ జాక్సన్ చెప్పినట్టు, రూపకల్పన లోపాల్లో అధికశాతం చిన్న ఉదాహరణల్లోనే బయటపడతాయి. ఇది రుజువు కాదు, అందువల్ల నమూనా నెగ్గిన ప్రతిసారీ ఏ పరిధి వరకు నెగ్గిందో పక్కనే రాసిపెట్టుకోవాలి.

నాలుగో దశ: చర్యలు, మన అదుపులో లేనివి కూడా

ప్రతి చర్యకూ అది ఎప్పుడు జరగగలదో, జరిగాక ఏమి మారుతుందో రాయాలి. ఉదాహరణకు:

చర్య: బ్లాక్ చేయడం (మనిషి, సీటు)
ఎప్పుడు: ఆ సీటు ఎవరి బ్లాక్‌లోనూ లేదు, దానికి టికెట్ జారీ కాలేదు
తర్వాత: ఆ సీటు ఆ మనిషి బ్లాక్‌లో ఉంది

చర్య: గడువు తీరడం (సీటు)
ఎప్పుడు: ఆ సీటు ఎవరో ఒకరి బ్లాక్‌లో ఉంది
తర్వాత: ఆ సీటు ఎవరి బ్లాక్‌లోనూ లేదు

గడువు తీరడంలో పది నిమిషాలు, పదిహేను నిమిషాలు అన్న ప్రస్తావనే లేదు. బ్లాక్‌లో ఉన్న సీటుకు గడువు ఎప్పుడైనా తీరవచ్చు అని మాత్రమే ఉంది. సమయాన్ని ఇలా తీసివేయడం వల్ల నమూనా చిన్నదవుతుంది. పైగా 'అంత ఆలస్యం జరగదులే' అనే ధైర్యం రూపకల్పనలోకి జొరబడదు. పండుగ ముందు బ్యాంకు సర్వర్ ఎంత నెమ్మదించినా రూపకల్పన నిలబడాలి.

తర్వాత మన అదుపులో లేని చర్యల జాబితా తయారుచేయండి. ప్రయాణికుడు వెనక్కి బటన్ నొక్కవచ్చు, రెండో ట్యాబ్ తెరవవచ్చు, మధ్యలో బ్రౌజరు మూసేయవచ్చు. బ్యాంకుకూ మన సైటుకూ మధ్య చెల్లింపు నడిపే సేవ అయిన గేట్‌వే నుంచి మన సర్వర్‌కు దానంతటదే వచ్చే సందేశం, అంటే వెబ్‌హుక్, ఆలస్యం కావచ్చు, రెండుసార్లు రావచ్చు, అసలు రాకపోవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ నమూనాలో ఒక చర్యగా ఉండాలి. సైటు సక్రమంగా నడిచే దారిని మాత్రమే రాసిన నమూనా ఎంత అందంగా ఉన్నా దానితో ప్రయోజనం లేదు.

ఐదో దశ: సాధనం ఎంచుకుని నడపడం

పేజీలు, అనుమతులు, ఎవరికి ఏది కనిపించాలి వంటి సంబంధాలు ప్రధానమైతే అల్లాయ్ అనువుగా ఉంటుంది. ప్రతికూల ఉదాహరణను, అంటే హామీ వీగిపోయే సందర్భాన్ని, బొమ్మగా గీసి చూపుతుంది, 2021లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి కాలక్రమాన్ని కూడా నేరుగా వర్ణించవచ్చు. సర్వర్లు, సందేశాలు, ఒకేసారి నడిచే పనులు ప్రధానమైతే టీఎల్ఏ ప్లస్ మేలు. దాని మోడల్ చెకర్ పేరు టీఎల్‌సీ. ప్రోగ్రామర్లకు అలవాటైన తీరులో రాయాలంటే ప్లస్‌కాల్ అనే రూపం ఉంది. మూడూ ఉచితమే, మామూలు లాప్‌టాప్ మీద నడుస్తాయి. మన బస్సుల సైటుకు నేనైతే టీఎల్ఏ ప్లస్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే ప్రమాదమంతా చెల్లింపు సందేశాల రాకపోకల్లో ఉంది.

తొలి రూపకల్పనలో నియమం ఇలా ఉందనుకోండి: 'చెల్లింపు జమైనట్టు వెబ్‌హుక్ రాగానే టికెట్ జారీ చేయాలి.' చెకర్‌ను నడపగానే అది ఒక వరుసను చూపుతుంది. సుజాత సీటు బ్లాక్ చేస్తుంది. చెల్లింపు పేజీకి వెళ్తుంది. బ్యాంకు ఆలస్యం చేసేసరికి గడువు తీరి సీటు ఖాళీ అవుతుంది. రవి అదే సీటు బ్లాక్ చేసి చెల్లింపు మొదలుపెడతాడు. సుజాత డబ్బు జమైనట్టు వెబ్‌హుక్ వస్తుంది, ఆమెకు టికెట్ జారీ అవుతుంది. రవి డబ్బు కూడా జమవుతుంది, అతనికీ టికెట్ జారీ అవుతుంది. ఒక సీటుకు రెండు టికెట్లు. ఈ వరుసలో ఎవరూ తప్పు చేయలేదు, ఏ బటనూ చెడిపోలేదు.

దీనికి తోచే మొదటి మందు, వెబ్‌హుక్ వచ్చినప్పుడు సీటు ఇంకా ఆ మనిషి బ్లాక్‌లోనే ఉందో లేదో చూసి, ఉంటే టికెట్ ఇచ్చి బ్లాక్ తీసేయడం, లేకపోతే రీఫండ్ చేయడం. సహేతుకంగానే కనిపిస్తుంది. మళ్లీ నడిపితే చెకర్ ఇంకా చిన్న వరుసను చూపుతుంది. సుజాత సీటు బ్లాక్ చేస్తుంది, డబ్బు కడుతుంది, వెబ్‌హుక్ వస్తుంది, టికెట్ జారీ అయి బ్లాక్ తొలగిపోతుంది. అదే వెబ్‌హుక్ రెండోసారి వస్తుంది. ఇప్పుడు సీటు సుజాత బ్లాక్‌లో లేదు కనుక నియమం ప్రకారం రీఫండ్ వెళ్లిపోతుంది. టికెట్టూ ఆమె దగ్గరే, డబ్బూ ఆమె దగ్గరే. సందేశం అందినట్టు మన సర్వర్ సకాలంలో జవాబివ్వకపోతే గేట్‌వే దాన్ని మళ్లీ పంపడం మామూలే కాబట్టి ఇది కల్పిత ప్రమాదం కాదు.

మందు: ప్రతి చెల్లింపునకు 'తేలింది' అనే గుర్తు పెట్టి, తేలిన చెల్లింపునకు సంబంధించిన సందేశాన్ని పట్టించుకోకపోవడం. ఈసారి నమూనా నెగ్గుతుంది. కానీ ఇక్కడ తొందరపడి ఆగకూడదు. నమూనాలో 'తేలిందా అని చూడడం, తేలిందని రాయడం' ఒకే చర్యగా ఉన్నాయి. సర్వర్ కోడ్‌లో అవి రెండు వేర్వేరు అడుగులైతే? నమూనాలో కూడా రెండుగా విడగొట్టి చూడండి. రెండు సందేశాలూ ఒకేసారి వచ్చి, రెండూ 'ఇంకా తేలలేదు' అని చూసి, ముందున్నది టికెట్ ఇచ్చాక వెనకది రీఫండ్ చేసే వరుస వెంటనే బయటపడుతుంది. అంటే చూడడమూ రాయడమూ డేటాబేస్‌లో ఒకే లావాదేవీలో, షరతుతో కూడిన ఒకే అప్‌డేట్‌గా జరగాలన్నది కోరికల జాబితాలోని అంశం కాదు, రూపకల్పన నిలబడడానికి తప్పనిసరి. ప్రతి చర్య గురించీ 'ఇది నిజంగా ఒక్క దెబ్బలో జరుగుతుందా' అని అడగడం ఈ పద్ధతి నేర్పే అత్యంత విలువైన అలవాటు అనుకుంటాను.

ఆరో దశ: జరిగి తీరవలసినవాటిని పరీక్షించడం

మొదటి ప్రతికూల ఉదాహరణ చూసినవారిలో కొందరు మరో మందు సూచిస్తారు: చెల్లింపు నడుస్తున్నంతసేపూ గడువు తీరనివ్వకూడదు. దీనివల్ల రెండు టికెట్ల సమస్య పోతుంది. కానీ సుజాత చెల్లింపు పేజీ దాకా వెళ్లి బ్రౌజరు మూసేస్తే ఆ సీటు ఎవరికీ దక్కకుండా అలాగే ఉండిపోతుంది. 'బ్లాక్‌లో ఉన్న ప్రతి సీటూ చివరకు అమ్ముడవ్వాలి లేదా ఖాళీ అవ్వాలి' అనే వాక్యాన్ని చేర్చి నడిపితే చెకర్ ఈ విషయం చెప్పేస్తుంది.

ఇలాంటి వాక్యాలకు ఊహలు అవసరం. ఏ చర్య ఎప్పటికైనా జరుగుతుందని మనం నమ్ముతున్నామో నమూనాలో స్పష్టంగా రాయాలి. సర్వర్ గడియారం నడుస్తుందని నమ్మవచ్చు. ప్రయాణికుడు బటన్ నొక్కుతాడని నమ్మకూడదు. వెబ్‌హుక్ ఎప్పటికైనా వస్తుందని నమ్మవచ్చా? నమ్మితే నాలుగో హామీ నెగ్గుతుంది, నమ్మకపోతే వీగిపోతుంది. నమ్మకపోవడమే వివేకం. అప్పుడు తేలని చెల్లింపుల గురించి సర్వరే అడపాదడపా గేట్‌వేను అడిగి తెలుసుకునే చర్య ఒకటి రూపకల్పనలో చేరుతుంది, హామీ మళ్లీ నెగ్గుతుంది. గేట్‌వే మన ప్రశ్నకు ఎప్పటికైనా జవాబిస్తుందనే ఊహ మిగులుతుంది. దాన్ని నిర్వాహకులకు తెలిసేలా రాతలో పెట్టాలి.

ఏడో దశ: తెరను సర్వర్ నుంచి విడిగా చూడడం

ఐదో హామీ కోసం నమూనాలో ప్రతి ట్యాబ్‌కూ 'ఇందులో కనిపిస్తున్న సీటు' అనే చలరాశి కావాలి. సర్వర్ సెషన్‌లో, అంటే ఒక బ్రౌజరు గురించి సర్వర్ గుర్తుంచుకునే వివరాల్లో, 'ప్రస్తుతం ఎంచుకున్న బస్సు' అని ఒకటే ఉంటుందనుకోండి. సుజాత మొదటి ట్యాబ్‌లో కర్నూలు బస్సు ఎంచుకుంటుంది, చెల్లెలి కోసం రెండో ట్యాబ్‌లో నెల్లూరు బస్సు తెరుస్తుంది, తిరిగి మొదటి ట్యాబ్‌కు వచ్చి డబ్బు కడుతుంది. ఆమెకు నెల్లూరు టికెట్ వస్తుంది. 2003లో అమెరికా పరిశోధకులు వెబ్ సంభాషణలకు నమూనా కడుతూ, విమాన టికెట్ల సైటులో సరిగ్గా ఇలాంటి లోపాన్నే చర్చించారు. పరిష్కారం సులభం: ప్రతి బ్లాక్‌కూ విడి సంఖ్య ఇచ్చి, పేజీ నుంచి వచ్చే ప్రతి అభ్యర్థన ఆ సంఖ్యను మోసుకొచ్చేలా చేయాలి, సెషన్ మీద ఆధారపడకూడదు.

పేజీల మధ్య లింకులను కూడా ఇదే నమూనాలో ఒక సంబంధంగా రాస్తే, మొదటి పేజీ నుంచి చేరలేని పేజీలు ఏవో, వచ్చాక బయటపడే దారి లేనివి ఏవో తెలుస్తాయి. ప్రయాణికుల ఫోన్ నంబర్లున్న జాబితా పేజీని నిర్వాహకులు కానివారు ఏ వరుసలోనైనా చేరగలరా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. లింకు లేదు కదా అని ఊరుకోకూడదు. చిరునామా టైపు చేసి నేరుగా ఏ పేజీకైనా వెళ్లడాన్ని కూడా చర్యగా చేర్చాలి. భద్రత విషయంలో ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో చూడదలిస్తే, 2010లో స్టాన్‌ఫర్డ్, బర్కిలీ పరిశోధకులు బ్రౌజర్లు, కుకీలు, దారి మళ్లింపులతో సహా వెబ్ వేదికనే అల్లాయ్‌లో నమూనాగా కట్టి, అప్పటికి తెలియని లోపాలను సైతం కనుగొన్నారు.

ఎనిమిదో దశ: నమూనానే అనుమానించడం

అన్నీ నెగ్గాయని చెకర్ చెప్పినప్పుడు, అసలు ఏమీ జరగని నమూనా కూడా అన్ని నిషేధాలనూ నెగ్గుతుందని గుర్తుంచుకోవాలి. బ్లాక్ చేసే చర్యలో షరతు పొరపాటున ఎప్పటికీ నెరవేరనిదైతే టికెట్ అసలు పుట్టదు, కనుక రెండు టికెట్లూ పుట్టవు. అందుకని 'ఎవరికీ ఎన్నడూ టికెట్ రాదు' అనే అబద్ధపు వాక్యాన్ని కావాలని చేర్చి నడపండి. చెకర్ దాన్ని కొట్టివేసి, టికెట్ వచ్చే దారిని చూపాలి. తర్వాత 'తేలింది' గుర్తును తీసేసి, మూడో హామీ వీగిపోతోందో లేదో చూడండి. తీసేసినా తేడా రాని నియమం ఉంటే అది అనవసరమైనదైనా కావాలి, దాన్ని కావాలనిపించే చర్యను మనం మరిచిపోయైనా ఉండాలి. తరచుగా నిజమయ్యేది రెండోదే.

తొమ్మిదో దశ: నమూనా నుంచి కోడ్‌కు

నమూనాలోని ప్రతి చర్యకూ సర్వర్‌లో ఒకే ఒక ఫంక్షన్ ఉండేలా, వీలైతే అదే పేరుతో, కోడ్ రాయండి. 'ఎప్పుడు' అన్న షరతు డేటాబేస్ అప్‌డేట్‌లోని షరతుగా మారాలి. మొదటి హామీ టికెట్ల పట్టికలో బస్సు, సీటు జంట మీద విశిష్టతా నిబంధనగా (అదే జంట రెండోసారి నమోదు కాకుండా డేటాబేసే అడ్డుకునే నియమంగా) మారాలి. చెకర్ చూపిన ప్రతి ప్రతికూల వరుసనూ ఒక పరీక్షగా రాసి భద్రపరచండి: సుజాత బ్లాక్, గడువు, రవి బ్లాక్, సుజాత వెబ్‌హుక్, రవి వెబ్‌హుక్. ఇవి ఊహించి రాసిన పరీక్షల కంటే ఎంతో పదునైనవి. నమూనా నెగ్గితే కోడ్ సరైనదని అర్థం కాదు, పరిశీలించిన పరిధిలో రూపకల్పనలో తప్పు లేదని మాత్రమే. ఈ పరీక్షలే ఆ రెంటినీ కలిపే వంతెన.

నమూనా ఫైలును కోడ్ పక్కనే, అదే రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) ఉంచండి. రేపు నిర్వాహకులు 'సీటు మార్చుకునే' సౌకర్యం అడిగితే ముందుగా నమూనాలో ఆ చర్యను చేర్చి నడపండి: పాత టికెట్ రద్దు కావడానికీ కొత్త సీటు బ్లాక్ కావడానికీ మధ్య రవి వస్తే ఏమవుతుంది, రెండు సీట్ల ధరల్లో తేడా ఉంటే ఆ తేడా సొమ్ము ఏ చెల్లింపునకు చెందుతుంది? రెండో ప్రశ్నకు జవాబు కావాలంటే ఇన్నాళ్లూ వదిలేసిన ధర ఇప్పుడు నమూనాలోకి వస్తుంది. అయితే రూపాయల్లో కాదు. సమానం, ఎక్కువ, తక్కువ అనే మూడు విలువలు చాలు.